గొంతు గుర్తుపట్టాల్సిన మనిషి

నీళ్లు మళ్లీ పొలమారాయి.

చిక్కమునియప్ప చెంబు కింద పెట్టి గోడ పట్టుకున్నాడు. దగ్గు వచ్చింది. దగ్గులో బలం లేదు. లోపలికి పోయిన నీళ్లను అది బయటికి తోయలేకపోయింది. పిల్లమ్మ మొగుడి వీపు మీద చరుస్తూ నిలబడింది.

"మెల్లగా తాగప్పా అంటే వినవు. ఎవరో లాక్కుంటారన్నట్టు పోసుకుంటావు."

"మెల్లగా తాగినా అంతేమ్మా," అంది కూతురు సహన. "గడ్డం కిందికి వంచి, తల ఎడమపక్కకి తిప్పి మింగల్ల. డాక్టరమ్మ చేసి చూపించింది కదా."

"నీళ్లు తాగేదానికి తల తిప్పేదేందే? కోడా?"

చిక్కమునియప్ప నవ్వాడు. శబ్దం రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

పొద్దున తిన్న రాగిముద్ద దిగింది. ముద్దతో పోసుకున్న చారు దిగలేదు. గట్టిది దిగి పలచనిది అడ్డం పడటం పిల్లమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆమె లెక్కలో గొంతు పాడైతే మొదట ఆగాల్సింది ముద్ద.

ఆ రోజు ఆయన్ను ఆస్పత్రిలో చేర్చాలి. మర్నాడు గొంతుకు ఆపరేషన్. కొడుకు పునీత్ కంపెనీ సుమో తెచ్చి వాకిట్లో పెట్టాడు. హూడిలో సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు మనుషుల్ని చేరవేసే బండి అది. పునీత్ ఇంట్లోకి రాలేదు. చెల్లెల్ని పెరట్లోకి పిలిచి, నీళ్ల సంపు మూత మీద కూర్చున్నాడు.

"ఆపరేషన్‌కి సంతకం పెట్టేసినావా?"

"పెట్టినా."

"నన్ను ఒక మాట అడగకుండా."

"అడిగితే ఇంకో ఆస్పత్రి అంటావు. ఎదలో ఉండే గడ్డ కోసేదానికి కాదని ఇద్దరు డాక్టర్లు చెప్పినారు కదన్నా."

"మందులు ఎక్కించొచ్చు అని కూడా చెప్పినారు."

"ఎక్కిస్తే ఏమవుతాదో కూడా చెప్పినారు. నువ్వు ఆడనే కూర్చోనుండావు. కుర్చీలో నుంచి లేచి బయటికి పోయింది నువ్వే."

ఇంట్లో శంఖం మోగింది. చిక్కమునియప్ప స్నానం తర్వాత దేవుడి గూటి ముందు శంఖం ఊదుతాడు. అది మోగుతున్నంతసేపూ ఆయనకు ఈ మాటలు వినబడవు. అన్నాచెల్లెళ్లు కొన్నాళ్లుగా ఆ వేళ చూసుకునే పోట్లాడుకుంటున్నారు.

"సచ్చేవానికి గొంతు యాలే?" అన్నాడు పునీత్.

శంఖం ఆగింది. ఇద్దరూ ఆగారు. మళ్లీ మోగేదాకా ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఇన్నాళ్లూ వాళ్లను మోసం చేసింది ఆ శంఖమే.

చిక్కమునియప్ప దాసప్ప. ఆయన తండ్రి, తాత కూడా దాసప్పలే. బెంగళూరు శివారు వర్తూరు చుట్టుపక్కల ఇళ్లలో హరిసేవ జరిగినా, పోయినవాళ్లకు దినం చేసినా, ఆకుల్లో వడ్డించాక దాసప్ప శంఖం ఊది, జేగంటలాంటి జాగటె కొట్టి, గోవిందుడి పేరు ఎత్తాలి. పంక్తిలో కూర్చున్నవాళ్లు బదులు పలకాలి. అంతవరకు ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టరు.

పోయిన ఏడాది ఉగాది నాటికి ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్ము అన్నారు. బీడీలు అన్నారు. బీడీలు మానేశాడు. గొంతు ఇంకా తగ్గింది. ఎవరూ డాక్టరు మాట ఎత్తలేదు, శంఖం ఎప్పటిలాగే మోగుతోంది కాబట్టి. "శంఖం ఊదేవానికి గొంతులో రోగమేందప్పా?" అన్నాడు పక్కింటి నంజప్ప. అది అందరికీ సబబుగానే తోచింది. పిల్లమ్మ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఊపిరి జోలికి పోకుండా మాట మాత్రమే లాక్కున్నాడంటే ఇది స్వామి పనే, ఏదో మొక్కు మిగిలిపోయింది అంది. తిరుపతికి పోయి తలనీలాలు ఇచ్చి వచ్చారు. రోజుకొక పూట మౌనం పెట్టించారు. మిరియాల కషాయం పోశారు. కషాయం పలచన, పోసిన ప్రతిసారీ పొలమారేది. అలా నెలలు పోయాయి.

ఆ తర్వాత ఊళ్లో ఓబళప్ప ఇంట్లో హరిసేవ. ఆకులు వేశారు, వడ్డించారు. చిక్కమునియప్ప శంఖం ఊదాడు, జాగటె కొట్టాడు, నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే. పంక్తిలో జనం ఎదురుచూశారు. ఎవరో పిల్లవాడు అప్పడం విరిచాడు, వాళ్లమ్మ చేతి మీద కొట్టింది. చివరికి ఓబళప్ప అల్లుడు గోడకు ఆనుకున్నచోటి నుంచే గోవిందుడి పేరు అరిచాడు. పంక్తి బదులు పలికింది. అందరూ తినడం మొదలుపెట్టారు. చిక్కమునియప్ప జాగటె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన ఏ ఇంటికీ పోలేదు. సహన హూడిలో ఒక కంపెనీ రిసెప్షన్‌లో పనిచేస్తుంది. సెలవు పెట్టి తండ్రిని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూసింది. గొంతులో ఎడమ స్వరతంత్రి కదలడం లేదంది. అందుకు కారణం గొంతులో కనబడటం లేదు, ఎదకు స్కాన్ తీయాలి అంది. ఎడమ తంత్రిని కదిపే నరం నేరుగా గొంతులోకి రాదు. ఎదలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళం కిందుగా చుట్టు తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. ఆ చుట్టు దగ్గర గడ్డ ఉంది. నరం దాని కింద నలిగి పాడైపోయింది.

పెరట్లోకి శంఖం మళ్లీ వినబడింది.

"నాయనకి చెప్పల్ల అన్నా," అంది సహన.

"మళ్లీ మొదలుపెట్టినావా?"

"ఆయన ఒళ్లు. ఆయనకి తెలవకూడదా?"

"తెలిసి ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడో ఆయన్నే తేల్చుకోనీ. ఎవరి దగ్గరికన్నా పోవల్లనుకుంటాడో, ఎవరితోనన్నా మాట్లాడల్లనుకుంటాడో. మనకేం తెలుసు? నేనైతే ఆయన మొగం చూసి అబద్ధం చెప్పలేను."

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? సుమ్నే నోరు మూసుకోనుండు. అమ్మకి కూడా చెప్పొద్దు. ఆమెకి తెలిస్తే మధ్యాహ్నానికి వర్తూరంతా వచ్చి వాకిట్లో కూర్చుంటాది."

"నాయన అడిగితే?"

"అడగడు. అడిగేదానికి గొంతు యాడుండాది?"

అనేశాక పునీత్ లేచి నిలబడ్డాడు. సంపు మూత మీద నుంచి ప్యాంటుకు అంటిన సున్నం దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"బ్యాగు తీసుకురా," అన్నాడు. "ట్రాఫిక్ జాస్తి అవుతాది."

*

ఆ గొంతు డాక్టరు ఫర్హానాది కదిరి. బెంగళూరులో చదివి ఇక్కడే స్థిరపడింది. ఆమె అన్నాచెల్లెళ్లకు ముందే ఒక మాట చెప్పింది: "నేనుగా ఆయనకు చెప్పను. ఆయన నన్ను అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. మీరు రెడీగా ఉండండి."

మంచం పక్కన నిలబడి ఆమె తన రెండు అరచేతులు దగ్గరికి తెచ్చింది.

"పెద్దాయనా, గొంతులో రెండు తంత్రులుంటాయి. మాట్లాడేటప్పుడు రెండూ వచ్చి ఇట్లా కలుస్తాయి. కలిసి అదిరితేనే శబ్దం. మీకు ఎడమది కదలడం లేదు. కుడిది వస్తోంది కాని అందడం లేదు. మధ్యలో సందు. ఊపిరంతా ఆ సందులోంచి పోతోంది. నాలుగు మాటలకే ఆయాసం రావడం అందుకే. నీళ్లు ఊపిరి గొట్టంలోకి జారడం కూడా అందుకే. మింగేటప్పుడు మూసుకోవాల్సిన తలుపు మూసుకోవడం లేదు."

చిక్కమునియప్ప చెయ్యి ఎత్తాడు. ఆయన మాట వినాలంటే అందరూ ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది.

"శంఖం... ఎట్ల... మోగుతాది?"

"శంఖానికి తంత్రులతో పని లేదు. ఊపిరి కావాలి, పెదాలు కావాలి. రెండూ మీకు బాగానే ఉన్నాయి."

పిల్లమ్మ డాక్టరు వైపు చూసింది, తర్వాత నేల వైపు చూసింది. తిరుపతి మాట ఎవరూ ఎత్తలేదు.

"రేపు మెడ ముందు చిన్నగా కోస్తాను," అంది ఫర్హానా. "గొంతు మీది మెత్తటి ఎముకలో ఒక కిటికీ చేస్తాను. అందులోంచి సిలికాన్ ముక్క పెట్టి కదలని తంత్రిని మధ్యకు నెడతాను. అది కదలదు, కాని కుడిదానికి అందుతుంది. మీకు పూర్తి మత్తు ఇవ్వను. మెడ దగ్గర మొద్దుబారే సూది వేస్తాను. మీరు మెలకువగా ఉండాలి, మాట్లాడాలి. మాటను బట్టి ముక్కను చెక్కుతాను. ఎక్కువ నెడితే గొంతు బిగుసుకుంటుంది, తక్కువైతే గాలి పోతుంది."

ఆమె కుటుంబం వైపు తిరిగింది.

"ఆయన పాత గొంతు నేను వినలేదు. ఇంట్లోవాళ్లు ఒకరు థియేటర్‌లోకి రావాలి. నేను ఎప్పుడూ అట్లాగే చేస్తాను. 'ఇదే' అని వాళ్లు చెప్పాకే మూస్తాను. కుట్లు వేశాక మార్చడం కష్టం."

"నేను పోతా," అంది పిల్లమ్మ. "ఆ గొంతుతో నలభై ఏండ్లు తిట్లు తిన్నది నేను. నాకు తెలవక ఎవరికి తెలుస్తాది?"

చిక్కమునియప్ప తల అడ్డంగా ఊపాడు. సహనను చూపించాడు.

"నేనొద్దా?"

ఆయన మళ్లీ సహననే చూపించాడు.

"సరేప్పా. బిడ్డే కావల్ల. ముద్ద కెలికి పెట్టేదానికి నేను, గొంతు వినేదానికి ఆమె." పిల్లమ్మ ఫ్లాస్కు తీసుకుని బయటికి పోయింది. ఫ్లాస్కు నిండుగానే ఉంది.

మధ్యాహ్నం స్పీచ్ థెరపిస్ట్ హరిణి ఆయన గొంతు రికార్డు చేయాలంది. ఆపరేషన్‌కు ముందు ఎలా ఉందో ఉంచుకోవాలట. ఆమె గది బయట బెంచీ మీద సహన తండ్రి పక్కన కూర్చుంది. ఆయనకు అటువైపు హెబ్బగోడి నుంచి వచ్చిన సరోజమ్మ కూర్చుని ఉంది. మెడ మీద అడ్డంగా మానిన గీత ఉంది. థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకూ మాట గాలిగానే వస్తోంది.

ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు ఉన్నది అదొక్కటే. ముద్ద దిగుతోంది, చారు దిగడం లేదు అని ఆమె అంటే ఆయన తొడ చరిచాడు. అటుగా పోతున్న ఆయా ఆగింది.

"ఏం పెద్దాయనా, ఆయమ్మతో అంత గుట్టు?"

సరోజమ్మ నవ్వి దగ్గింది. దగ్గు తగ్గాక అడిగింది.

"మీకు... ఆపరేషన్ ఎప్పుడంట?"

ఆయన వేలితో రేపు అన్నట్టు చూపించాడు.

"రేపేనా? మీది పుణ్యం. నన్ను ఏడాది... ఆగమన్నారు. దెబ్బ తిన్న నరం... మళ్లీ లేచొచ్చునంట. అందాకా ఈ పాప దగ్గర... అఆలు." ఆమె హరిణి గది తలుపు చూపించింది. "ఏడాది ఆగకుండా చేయమ్మా అని... కాళ్లు పట్టుకున్నంత పని చేసినా. నరం లేచే ఆశ లేనోళ్లకే... ముందు చేసేది అన్నారు."

"ఒక్కొక్కరిది ఒక్కో తీరు," అంది సహన. గొంతు పెద్దగా వచ్చింది. బెంచీ చివర కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు.

చిక్కమునియప్ప సరోజమ్మను చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. హరిణి తలుపు తీసి ఆయన పేరు పిలిచింది.

లోపల ఆయన్ను ఒక్క ఊపిరితో 'ఆ' అనమన్నారు. ఎంతసేపు అనగలిగితే అంతసేపు. ఆయన 'ఆ' అన్నాడు. హరిణి వేలు గడియారం మీది బటన్‌పై నుంచి తీయకముందే అది అయిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఏమీ అడగలేదు. పునీత్ వచ్చాడు. "రేపటి నుంచి నువ్వు అరిస్తే వర్తూరు చెరువు అవతలికి వినపడల్ల నాయనా," అన్నాడు. చిక్కమునియప్ప తల ఊపాడు. పిల్లమ్మ తెచ్చిన ముద్దను తల ఎడమకు తిప్పి మింగాడు. ఎవరూ చెప్పకుండానే తిప్పాడు. సహన ఆ అడగకపోవడాన్ని గమనిస్తూ కూర్చుంది. ఇప్పుడే చెప్పాలనుకుంది. అమ్మ ఉంది. అమ్మ గిన్నెలు కడగడానికి పోయింది. పునీత్ ఉన్నాడు. పునీత్ ఫోన్ వచ్చి బయటికి పోయాడు. అప్పుడు తండ్రి కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడులే అనుకుంది. నిద్ర కాదని ఆమెకు తెలుసు.

*

పొద్దున సహనకు గౌను, టోపీ, మాస్కు ఇచ్చి తండ్రి తలవైపు నిలబెట్టారు. మెడ తప్ప మిగతా ఒళ్లంతా ఆకుపచ్చ గుడ్డ కింద ఉంది. ముఖం దగ్గర గుడ్డను ఒక కమ్మీ మీదికి ఎత్తి కట్టారు. ఆమె నిలబడిన చోటి నుంచి ఆయన నుదురు, కళ్లు, పెదాలు తలకిందులుగా కనబడ్డాయి. గుడ్డకు అవతల డాక్టరు చేతులు పనిచేస్తున్నాయి. అటు చూడొద్దని నర్సు చెప్పింది.

"నొప్పి తెలిస్తే వేలు ఎత్తండి పెద్దాయనా," అంది ఫర్హానా. "మాట్లాడమన్నప్పుడు మాట్లాడండి."

చాలాసేపటికి ఆమె మాట్లాడమంది. "ఒకటి నుంచి లెక్కపెట్టండి. నేను ముక్క పెడుతుంటాను. ఆపొద్దు."

"ఒకటి," అన్నాడు ఆయన. గాలి.

"రెండు." గాలి.

మూడు గాలిగా మొదలై మధ్యలో గొంతయింది. నాలుగు మొత్తం గొంతు. మూలన సూదులు సర్దుతున్న నర్సు తల ఎత్తింది.

సహన బల్ల అంచు పట్టుకుంది. చిన్నప్పుడు చెరువు కట్ట మీద ఆడుకుంటుంటే అన్నానికి పిలిచిన గొంతు. టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని దేవుడి పేర్లు చదివిన గొంతు. అదే. ఎక్కడా తేడా లేదు.

"బాగుంది," అంది ఫర్హానా. "ఇప్పుడు లెక్కలు వద్దు. మీకు తోచింది చెప్పండి. పెద్దగా. సహనా, నువ్వు విను."

ఆయన ఊపిరి పీల్చాడు. గోవిందుడి పేరు ఎత్తుతాడని సహన ఎదురుచూసింది.

"సహనా," అన్నాడు. "ఆ హెబ్బగోడి ఆయమ్మని ఏడాది ఆగమన్నారు. నన్ను వారం కూడా ఆగమనలే. యాలా?"

సహన కళ్లు గుడ్డకు అవతలి డాక్టరు వైపు పోయాయి.

"డాక్టరమ్మని అడిగితే చెప్తాది. పరాయోళ్ల నోట వినేది నాకొద్దు. మీ అన్న చెప్పడు. మీ అమ్మకి తెలిసుంటే ఆమె ఇట్ల తిరగదు. నువ్వు చెప్తావనే నిన్ను రమ్మన్నా. నా ఎదలో ఏముండాది?"

మాటల మధ్య ఆయన ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు. కళ్లు పైకి తిప్పి ఆమె ముఖం వెతికాడు. మాస్కు పైన ఆమె కళ్లు మాత్రమే దొరికాయి.

గుడ్డకు అవతల ఫర్హానా చేతులు కదలడం లేదు. ఆ ప్రశ్న ఆమెను అడిగింది కాదు. ఆమె అడ్డం రాలేదు. తన పనికి కావాల్సింది మాత్రం అడిగింది.

"సహనా, నాకు ఒక్క మాట కావాలి. ఇదేనా మీ నాన్న గొంతు? ఇదే అంటే మూసేస్తాను."

తండ్రికి చెప్పాల్సిన మాట సహన దగ్గర సిద్ధంగానే ఉంది. పెరట్లో అన్నతో చాలాసార్లు అన్నదే. అది నోటి దాకా వచ్చింది. తండ్రి కళ్లు ఎదురుచూస్తున్నాయి. ఆ కళ్లలో భయం ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఉంది.

"కాదు," అంది సహన.

"కాదా?"

"ఇది మా నాయన గొంతు కాదు మేడం. ఇంకా లావుగా ఉండేది."

"నాకు సరిగ్గానే వినబడింది."

"కాదు."

ఫర్హానా గుడ్డ పైనుంచి ఆమెను చూసింది. తర్వాత నర్సు వైపు చెయ్యి చాచి పట్టకారు తీసుకుంది.

"సరే. తీసి మళ్లీ చెక్కుతాను. పెద్దాయనా, కాసేపు మాట్లాడొద్దు."

"సహనా, నువ్వు కూడానా..." అంటున్నాడు ఆయన. ముక్క బయటికి వచ్చింది. మిగిలిన మాట గాలిగా పోయింది.

ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. వినాలంటే వంగి చెవి దగ్గరికి పెట్టాలి. సహన వంగలేదు. గుడ్డకు అవతల కత్తి సిలికాన్‌ను చెక్కుతోంది. డాక్టరు తొందరపడటం లేదు.